రివ్యూ గారికి తిరుపతి నుంచి ఒక విన్నపం

తిరుపతి

మహారాజశ్రీ రివ్యూ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. తమ క్షేమం గురించి వేరుగా అడగనక్కరలేదు. ఇడ్లీ కొట్టు మొదలు కలెక్టరు కచేరీ దాకా తమరు లేని చోటు నాకు కనబడటం లేదు. ముప్పై యేళ్ళు తెలుగు పాఠం చెప్పి, ప్రతి వేసవిలోనూ మూల్యాంకన కేంద్రంలో ఉక్కపోతకు ఓర్చి ఎర్రసిరాతో జవాబుపత్రాలు దిద్ది, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నవాణ్ణి. ఇతరులు చేసిన పనికి విలువ కట్టడమే బతుకుతెరువుగా గడిపాను గనుక తమరితో నాకు ఒక విధమైన చుట్టరికం ఉన్నది. ఆ చనువుతోనే ఈ ఉత్తరం.

మొన్న బస్టాండు దగ్గర ఒక హోటల్లో కూర్చున్నాను. రెండో ఇడ్లీ ఇంకా తుంచనైనా లేదు, సర్వరు కుర్రవాడు నల్లటి గళ్ళ బొమ్మ ఉన్న అట్టముక్క ఒకటి తెచ్చి నీళ్ళగ్లాసుకు ఆనించి నిలబెట్టి, "సామీ, రివ్యూ ఇచ్చేసి పోండి, ఐదు చుక్కలూ కొట్టండి" అన్నాడు. పాతికేళ్ళ కిందట అదే బల్ల దగ్గర వడ్డించిన పెద్దాయన "ఎట్టుండాది సామీ?" అని అడిగేవాడు, చట్నీలో ఉప్పు రవ్వంత ఎక్కువైందంటే గిన్నె లోపలికి తీసుకుపోయి, కాస్త కొబ్బరి కలిపి మళ్ళీ తెచ్చేవాడు. ఆ ధైర్యంతో ఈ కుర్రవాడితోనూ ఉప్పు సంగతి ఎత్తాను. వాడు వెనక్కి తిరిగి గల్లాపెట్టె వైపు ఒకసారి చూసి, "అది మాత్రం రాయొద్దు సామీ, నా జీతంలో కోస్తారు" అన్నాడు. ఐదు చుక్కలూ కొట్టాను. చట్నీలో ఉప్పు అలాగే ఉన్నది.

ఇంటికి వచ్చి తమరి వంశవృక్షం తిరగేశాను. లాటిన్‌లో 'మళ్ళీ చూడటం' తమరికి మూలమట. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు, అక్కడి నుంచి మా బస్టాండుకు దిగబడ్డారు. మళ్ళీ చూడాలంటే ముందొకసారి చూసి ఉండాలి గదా అని సందేహం కలిగింది. సినిమా మొదటి ఆట విశ్రాంతి బోర్డు పడకముందే తమరు బయటికి వచ్చేస్తున్నారు గనుక, ఆ సందేహానికి ఇప్పుడు విలువ లేదని తెలుసు.

తమరి దాయాదుల చరిత్ర ఇంతకంటే మర్యాదగా ఉన్నది. అసెస్ అనే మాటకు మూలార్థం 'పక్కన కూర్చోవడం'. న్యాయాధికారి పక్కన కూర్చుని పన్ను ఎంతో తేల్చినవాడి పని అది. మా రెవెన్యూ వారు దాన్ని మదింపు అంటారు. ఎవాల్యుయేట్ విలువ కట్టడం. మేము జవాబుపత్రాలకు చేసిన మూల్యాంకనం. అప్రైజ్ వెల కట్టడం. దీన్ని మాత్రం నేను కళ్ళారా చూశాను. పోయిన ఏడాది మా ఇంటావిడ గాజులు బ్యాంకులో తాకట్టు పెట్టవలసి వచ్చినప్పుడు, అప్రైజరు అనే పెద్దమనిషి గాజును నల్లటి గీటురాయి మీద ఒక్కసారి రాసి, ఆ పసుపుపచ్చ గీత మీద ఆమ్లం చుక్క వేసి, రాయిని వెలుతురుకు వంచి, గీత ఎంత మిగిలిందో చూసి, "వన్నె కొంచెం తక్కువ సార్" అన్నాడు. మా ఇంటావిడ ముఖం చిన్నబోయింది గానీ ఆయన మాట మార్చలేదు. అన్నిటికంటే నాకు నచ్చిందేమిటంటే, ఆయన తన పనికి ఎన్ని చుక్కలు వేస్తారని మమ్మల్ని అడగలేదు.

ఇన్ని అర్థాలనూ తమరొక్కరే మింగి కూర్చున్నారన్న కోపంతో ఈ ఉత్తరం మొదలుపెట్టాను. అయితే వారం రోజులు చెవి ఒగ్గి విన్నాక నాకొక విశేషం దొరికింది. కలెక్టరు రివ్యూ పెడతాడు. వకీలు రివ్యూ వేస్తాడు. సుప్రీంకోర్టు తీర్పు మీదైతే దానికి రాజ్యాంగంలో 137వ అధికరణం ఉన్నది. క్రికెట్ కెప్టెను 15 సెకన్లలోపు రివ్యూ తీసుకుంటాడు, తీరా బ్యాటుకు బంతి తగల్లేదని తేలితే దాన్ని పోగొట్టుకుంటాడు. సినిమా చూసినవాడు రివ్యూ రాస్తాడు, చూడనివాడు కూడా రాస్తాడు. హోటల్లో ఇస్తారు. డాక్టరు పది రోజుల తర్వాత రివ్యూకు రమ్మంటాడు. మూలార్థాన్ని నిలబెట్టిన పుణ్యాత్ముడు బహుశా ఆయనొక్కడే, నిజంగానే మళ్ళీ చూస్తాడు, ఫీజు కూడా మళ్ళీ తీసుకుంటాడు. పెట్టడం, వేయడం, తీసుకోవడం, ఇవ్వడం: తమరు మింగిన పర్యాయపదాలను తెలుగు క్రియలు తమరి వెనకనుంచి ఒక్కొక్కటిగా బయటికి లాగుతున్నాయి. తమరి ముఖం చూసి ఏ అర్థమో ఎవరికీ తెలియదు; వెంట వచ్చిన క్రియను చూసి పోల్చుకోవాలి.

అసలు ఈ పనికి మాకు 'చూడు' చాలు. తిని చూస్తాం, అడిగి చూస్తాం, రుచి చూస్తాం, నాడి చూస్తాం, పిల్లను చూస్తాం. సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటల్లోనూ ఈ చూపే ఉన్నది: చుట్టూ తిరిగి చూస్తే పరీక్ష, బాగా కలయజూస్తే సమీక్ష, చూసీ చూడనట్టు ఊరుకుంటే ఉపేక్ష, ఎదురుచూస్తే నిరీక్షణ. మా ఊరి మురుగుకాలువ విషయంలో సమీక్ష జరిగింది, ఉపేక్ష నడుస్తున్నది, మేము నిరీక్షణలో ఉన్నాము.

తప్పంతా తమరిదే అంటే అన్యాయం. ఉన్న మాటలను మేము సరిగ్గా ఏలుకోలేదు. చిత్తూరు కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డిగారు 1914లో పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని ముందు పెట్టుకుని కావ్యాన్ని ఎలా చదవాలో తర్కిస్తూ రాసిన పుస్తకానికి 'కవిత్వతత్త్వ విచారము' అని పేరు పెట్టారు. విచారమంటే అప్పుడు ఆలోచించి తేల్చడం. నా తరగతిలో ఈ పేరు చెప్పిన ప్రతి ఏడాదీ ఎవడో ఒకడు లేచి, "కవిత్వానికి ఎందుకు సార్ విచారం, ఏమైంది?" అని అడిగేవాడు. విచారం ఏడుపు కింద, విమర్శ తిట్టు కింద దిగజారాయి. సమీక్షకు టీ, బిస్కట్లు మిగిలాయి. ఖాళీ అయిన ఇంట్లోకి తమరు వచ్చి చేరారు, అంతే.

తిట్టడం గురించి ఒక మాట. మా గంగమ్మ జాతరలో వేషం కట్టి బూతులు తిట్టే ఆచారం ఉన్నది. ముఖానికి రంగు ఉంటుంది గానీ తిట్టేవాడు మనిషి ఎదుటే నిలబడతాడు, వారంలో ఆ రంగు కడిగేసుకుంటాడు. తమరి కొలువులో పేరులేని వేషాలకు ఏడాది పొడవునా జాతరే.

మొన్న మా మనవరాలు ఫోనులో ఇంకొకటి చూపించింది. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి పోయిన ఒక మహానుభావుడు దర్శనం అద్భుతమని నాలుగు వాక్యాలు రాసి, చివర "మెట్లు మరీ ఎక్కువ" అని ఒక చుక్క తగ్గించాడు. స్వామివారికి నాలుగు, మా ఇడ్లీకి ఐదు. తూకం తెలిసినవారు తమరే, దీనికి ఏమంటారు?

నా విన్నపం చిన్నది. కచేరీలు, కోర్టులు, క్రికెట్టు తమరే ఉంచుకోండి. ఆ కుర్రవాడి నోట్లోంచి మాత్రం కాస్త పక్కకు జరిగితే, "ఎట్టుండాది?" అన్న మాట మళ్ళీ పలుకుతుందేమో చూస్తాను.

ఇట్లు,
మాజీ తెలుగు మేష్టరు

తాజాకలం: ఉత్తరం చదివి మా మనవరాలు "బాగుంది తాతా, ఒకసారి రివ్యూ చేసి పంపించు" అన్నది. చేశాను. రెండు దీర్ఘాలు, ఒక వత్తు తప్పిపోయి ఉన్నాయి.