కోతకే ప్యాకేజీ

తెలంగాణలో ప్రైవేటు ఆస్పత్రికి కాన్పుకు వెళ్లిన ప్రతి 10 మందిలో 8 మందికి పెద్దాపరేషనే అయింది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) తేల్చిన లెక్క ఇది. కచ్చితంగా చెప్పాలంటే 81.5 శాతం. ఆంధ్రప్రదేశ్ ప్రైవేటు ఆస్పత్రుల్లో 63 శాతం. దేశం మొత్తం మీద ప్రభుత్వ, ప్రైవేటు కాన్పులన్నీ కలిపితే 21.5 శాతమే. సిజేరియన్లు 10 శాతం దాటాక వాటివల్ల తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గినట్టు ఆధారాలు లేవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. తెలుగు ఆడవాళ్ల కటి ఎముకలు మిగతా దేశంలోని వాళ్లకంటే ఇరుకని ఏ వైద్యగ్రంథమూ రాయలేదు.

డాక్టర్లను తిట్టిపోసి ఊరుకోవడం తేలిక. కానీ ఒక చిన్న పట్టణంలో పది పడకల నర్సింగ్ హోం ఎలా నడుస్తుందో చూడండి. ఉన్నది ఒక్కరే గైనకాలజిస్టు. మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు ఫోన్ చేస్తే బయటి నుంచి రావాలి. తొలి కాన్పు నొప్పులు పన్నెండు గంటలు పట్టొచ్చు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఆ సమయమంతా పక్కన కూర్చుని ధైర్యం చెప్పే మనిషికి బిల్లులో చోటు లేదు. ఆపరేషనైతే గంటలోపు పని, టైము ముందే తెలుస్తుంది, బిల్లూ పెద్దదే. ‘ఉమ్మనీరు తగ్గింది’, ‘పేగు మెడకు చుట్టుకుంది’ అన్న మాట వినగానే ఏ కుటుంబం ఎదురు ప్రశ్న వేస్తుంది? అసలు కొన్ని కుటుంబాలు పంచాంగం చంకన పెట్టుకునే వస్తాయి. ముహూర్తాల కాన్పులు వద్దని మంత్రులే సభల్లో బతిమాలాల్సి వచ్చింది. దీనికితోడు డాక్టర్ల భయం ఒకటి. నార్మల్ కోసం ఆగి ఏదైనా జరిగితే ఆస్పత్రి అద్దాలు పగులుతాయి. ఆపరేషన్ ఎందుకు చేశావని మాత్రం ఎవరూ నిలదీయరు. అదే సర్వేలో తెలంగాణ ప్రభుత్వ ఆస్పత్రుల్లోనూ సిజేరియన్లు 44.5 శాతం ఉన్నాయి కాబట్టి సర్కారు కూడా చేతులు దులుపుకోవడానికి వీల్లేదు.

మొదటి కోత రెండో కోతకు దారి. ఒకసారి సిజేరియన్ అయ్యాక తర్వాతి కాన్పు మామూలుగా అయ్యే అవకాశం చాలామందికి ఉన్నా, దానికి ప్రయత్నించే ఆస్పత్రులు అరుదు. రెండో ఆపరేషన్ బల్లమీదే ‘ఎలాగూ పొట్ట తెరిచాం కదా’ అని పిల్లలు పుట్టకుండా ట్యూబులు కూడా కట్టేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 70 శాతం మంది ఈ ఆపరేషన్ చేయించుకున్నవారే. చాలామందికి అప్పటికి పాతికేళ్లు కూడా నిండవు. మగవాళ్ల వేసెక్టమీ అంతకంటే చాలా చిన్న ఆపరేషన్, కుట్లు లేకుండా అయిపోతుంది. కానీ మన దగ్గర దాని ఊసెత్తితే నవ్వుతారు. గర్భం రాకుండా ఆపే కాపర్-టీ, అంతర ఇంజెక్షన్, లక్నోలోని మన ప్రయోగశాలలోనే పుట్టిన ఛాయా మాత్ర ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. వీటిలో ఎవరికి ఏది పడుతుందో, ఏది పడదో చెప్పాలంటే అరగంట కూర్చోబెట్టి మాట్లాడాలి. ఆ అరగంటను మూడొందల కన్సల్టేషన్ ఫీజులో ఎవరిస్తారు?

అన్నిటికంటే మమ్మల్ని కలవరపెట్టేది గర్భసంచి సంగతి. దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు సుమారు 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో వారు 9 శాతం దాకా, తెలంగాణలో 8 శాతం దాకా ఉన్నారు. ఈ విషయంలో దేశానికి ముందు వరసలో నిలిచాం. దేశవ్యాప్తంగా ఈ ఆపరేషన్లలో మూడింట రెండొంతులు ప్రైవేటు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. తెల్లబట్ట అవుతోందనో, బ్లీడింగ్ ఎక్కువగా ఉందనో ముప్ఫయ్యేళ్ల కూలి మనిషి ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తుంది. ఆయన పట్నంలో స్కానింగ్‌కు పంపుతాడు. ‘గర్భసంచి వాచింది, ఇలాగే ఉంచుకుంటే క్యాన్సర్ వస్తుంది’ అన్న ఒక్క మాటతో ఆమె టెన్షన్ పడి, ఉన్న బంగారం కుదువపెట్టి ఆపరేషన్‌కు సిద్ధపడుతుంది. మందులతో తగ్గే జబ్బుకు అవయవమే పోతుంది. దాంతోపాటు అండాశయాలూ తీసేస్తే నలభై రాకముందే నెలసరి ఆగిన లక్షణాలన్నీ మొదలవుతాయి. ఎముకలు గుల్లబారతాయి. పిల్లలు పుట్టాక దానితో పనేముందని నచ్చజెప్పే బంధువులకు ఈ సంగతి తెలియదు, చెప్పినవాళ్లూ లేరు.

ఇందులో విడ్డూరం చూడండి. క్యాన్సర్ పేరు చెప్పి గర్భసంచి తీస్తారు కానీ, ఆ క్యాన్సర్ ఉందో లేదో చెప్పే పరీక్ష చేయరు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముదరడానికి ఏళ్లు పడుతుంది, ముందే పట్టుకోవడానికి కావలసినంత వ్యవధి ఇస్తుంది. పలుచని ఎసిటిక్ యాసిడ్ రాసి నిమిషం ఆగితే తేడా ఉన్న చోట తెల్లగా కనిపిస్తుంది. శిక్షణ పొందిన నర్సు చేయగల పరీక్ష ఇది. ఇంతకంటే నమ్మకమైనది, ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్‌ను పట్టుకునే హెచ్‌పీవీ పరీక్ష. మహిళల్లో 70 శాతం మందికి 35 ఏళ్లలోపు ఒకసారి, 45 ఏళ్లలోపు మరోసారి ఇలాంటి నాణ్యమైన పరీక్ష అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యం. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి మన దేశంలో 30-49 ఏళ్లవారిలో ఒక్కసారైనా ఈ క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవారు 2 శాతం కూడా లేరు. మన రెండు రాష్ట్రాల్లోనూ 5 శాతం దాటలేదు. మార్చి 8 రాగానే మహిళల కోసమంటూ ప్యాకేజీల ప్రకటనలు మాత్రం వెల్లువెత్తుతాయి. వాటిలో థైరాయిడ్, విటమిన్-డి ఉంటాయి. గర్భాశయ ముఖద్వార కణాలను చూసే పాప్‌స్మియర్ పరీక్ష కోసం వెతుక్కోవాలి.

డబ్బున్నవాళ్లకైనా ప్రైవేటులో గౌరవం దక్కుతోందా అంటే అదీ అనుమానమే. పెళ్లికాని అమ్మాయి ఏ నొప్పితో వెళ్లినా చూపులు ఆమె మెడ మీదికీ, కాలి వేళ్ల మీదికీ పోతాయి. గర్భం వద్దనుకున్న మేజర్ మహిళను భర్త సంతకం తెమ్మంటారు. 1971 నాటి గర్భస్రావ చట్టం అడిగేది ఆమె సమ్మతి ఒక్కటే. 2021 సవరణ ఆమె వివరాలు రహస్యంగా ఉంచాలంది. అవివాహితలకూ 24 వారాల వరకు వీలుండాలని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా ఆస్పత్రి ఫారాల్లో భర్త గడి అలాగే ఉంది.

అనవసర గర్భసంచి ఆపరేషన్లపై 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు మూడు నెలల గడువిచ్చి, కేంద్ర మార్గదర్శకాలు అమలు చేయమంది. ఈ ఆపరేషన్లపై జిల్లా కమిటీలు నిఘా పెట్టాలి. మన జిల్లాల్లో ఆ కమిటీలు ఎన్నిసార్లు కూర్చున్నాయో రెండు ప్రభుత్వాలూ బయటపెట్టాలి. ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ నుంచి డబ్బు పారినప్పుడు ఈ ఆపరేషన్‌ను ప్రైవేటు జాబితా నుంచి తప్పించాల్సి వచ్చిందని మరిచిపోకూడదు. 2017లో కరీంనగర్‌లో ఫెర్నాండెజ్ ఆస్పత్రి, యూనిసెఫ్ తోడ్పాటుతో తెలంగాణ మొదలుపెట్టిన మిడ్‌వైఫ్ శిక్షణ మంచి దారి. నొప్పులు పడే మనిషి పక్కన కూర్చోవడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్లు ప్రైవేటు ఆస్పత్రుల్లోనూ ఉండాలి. వాళ్ల జీతాన్ని బీమా, ఆరోగ్యశ్రీ కాన్పు ఖర్చుగా గుర్తించాలి. నార్మల్‌కూ సిజేరియన్‌కూ ఒకే మొత్తం చెల్లిస్తే ఇంకా మేలు.

ఇంకొకటి. ‘ఇక్కడ లింగనిర్ధారణ పరీక్షలు చేయబడవు’ అన్న బోర్డు ప్రతి స్కానింగ్ సెంటర్ గోడ మీదా ఉంది. చట్టం పెట్టమంది కాబట్టే పెట్టారు. ఆస్పత్రుల్లో దాని పక్కనే ఇంకో బోర్డు పెట్టించండి: నిరుడు ఈ ఆస్పత్రిలో ఎన్ని కాన్పులు, అందులో ఎన్ని సిజేరియన్లు, వాటిలో తొలిచూలువి ఎన్ని, నలభై లోపు ఎంతమందికి గర్భసంచి తీశారు. గది అద్దెలు రాసిన చోటే, అంత పెద్ద అక్షరాలతోనే.