పాతది, గీతలున్నవి

ఇంట్లో ఒక వస్తువు ఎప్పుడు పాతబడిందో తెలియాలంటే కొన్న రసీదు వెతకనక్కరలేదు. సామాను దాచిపెట్టే కంపెనీ సూపర్‌వైజరు చేతిలో పరీక్ష అట్ట పట్టుకుని మీ గుమ్మంలో చెప్పులు విడిచిన క్షణం గుర్తుంచుకుంటే చాలు. ఆ క్షణాన మీ ఇంట్లోని సమస్త వస్తువులూ ఒక్కసారిగా ముసలివైపోతాయి.

హైదరాబాదులో ఈ వ్యాపారం జోరుగా సాగుతోంది. విదేశాలకు వెళ్ళేవారు, బదిలీ అయినవారు, పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకునేవారు సంసారాన్నంతా అట్టపెట్టెల్లో కట్టించి, ఔటర్ రింగు రోడ్డు దాపుల గోదాములో గది తీసుకుని నెలనెలా అద్దె కడుతున్నారు. పూర్వం ఈ పని అటక చేసేది, ఉచితంగా. అటకలు లేని ఇళ్ళు కట్టి, ఆ అటకనే ఊరవతల అద్దెకివ్వడాన్ని అభివృద్ధి అంటారు. అద్దె మీద 18 శాతం జీఎస్టీ కూడా ఉంది. వడ్లు నిల్వ చేసుకుంటే ఆ పన్ను లేదు, అమ్మ బీరువా నిల్వ చేస్తే ఉంది. కట్టేద్దాం. దాని గురించి నాకు పేచీ లేదు.

నా పేచీ అంతా సామాను పట్టుకెళ్ళేముందు కంపెనీవాళ్ళు రాసుకునే జాబితాతోనే. వరుస సంఖ్య, వస్తువు, ఎన్ని, స్థితి అని నాలుగు గడులు. మా ఇంటికొచ్చిన కుర్రవాడు ముందుగా నింపింది నాలుగో గడిని. సోఫాలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, మొదటి వరుసలో ‘పాతది, గీతలున్నవి’ అని రాసి, పేజీ అడుగుదాకా ‘పైదే’ గుర్తులు పెట్టుకుంటూ పోయాడు. ఆ గీతలకు తగిన వస్తువులను వెతుక్కుంటూ ఆ తరువాతే లోపలికి వెళ్ళాడు.

గృహప్రవేశానికి ఎవరో చదివించిన మిక్సీ, పెట్టె కూడా విప్పనిది. పాతది, గీతలున్నవి. అంటించిన టేపు చూపించాను. “లోపల ఉండొచ్చు కదా సార్” అన్నాడు. పరుపుకు గీతలు, దిండ్లకు గీతలు. వేంకటేశ్వరస్వామి పటానికీ గీతలే. స్వామి నామాలను కూడా లెక్కలో వేసుకున్నాడేమో! గోడ గడియారం నడుస్తోందయ్యా అంటే, ‘నడుస్తున్న పాతది’ అని ఉదారంగా దిద్దాడు.

రుబ్బురోలు దగ్గర నేను గట్టిగా నిలబడ్డాను. “బాబూ, ఇది రాయి. దీనికి గంట్లు లేకపోతేనే లోపం, మనిషిని పిలిచి డబ్బిచ్చి కొట్టించుకుంటాం” అన్నాను. శ్రద్ధగా విన్నాడు. విని, ‘గీతలు ఎక్కువ’ అని రాశాడు.

తరువాత ఆవకాయ జాడీ వచ్చింది. గోదాములోకి తినే పదార్థాలు నిషేధం. గ్యాస్ సిలిండరు, పెట్రోలు, నగలు, నగదు ఎటూ నిషేధమే. జాడీ ఖాళీ అన్నాను. మూత తీసి ముక్కు పెట్టి చూశాడు. పచ్చడి లేదు, వాసన మాత్రం ఉంది. వాసన పదార్థమా కాదా అన్న ధర్మసందేహం తీర్చుకోవడానికి ఆఫీసుకు ఫోను చేశాడు. అవతల ఎవరో పెద్ద అధికారికి అప్పగించినట్టున్నారు, చాలాసేపు “అవును సార్, వాసనే సార్” అంటూ నిలబడ్డాడు. చివరికి తీర్పు వచ్చింది: వాసనకు బాధ్యత యజమానిదని రాయించుకుని తీసుకోవచ్చు. రాసిచ్చాను.

అసలు రహస్యం ఒప్పందంలో ఉంది. కంపెనీ మీ సామానును తన అధీనంలోకి తీసుకోవడం లేదట, గది వాడుకోవడానికి అనుమతి మాత్రమే ఇస్తోందట. ఎందుకంటే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షను ప్రకారం, పరాయి వస్తువు అప్పగింతగా తీసుకున్నవాడు దాన్ని మామూలు వివేకం ఉన్న మనిషి సొంత సొత్తును చూసుకున్నంత జాగ్రత్తగా చూడాలి. విక్టోరియా రాణి కాలంలో వేసిన ఆ ముడి నుంచి జారిపోవడానికి ఇంత విద్వత్తు! గేటు వాళ్ళది, కెమెరా వాళ్ళది, కాపలా వాళ్ళది. చెదలు, ఎలుకలు, వాననీళ్ళు మాత్రం మనవి. అదే కాగితంలో ఇంకో పేజీ తిప్పితే, అద్దె బాకీ పడితే సామాను ఆపేసే హక్కు, వేలం వేసే హక్కు. బాకీ అనగానే అధీనం ఎక్కడినుంచో ఊడిపడుతుంది.

ఇక మా అపార్టుమెంటు సంఘం మహనీయులు లిఫ్టు పక్కన ‘ఇందులో సామాను ఎక్కించరాదు’ అని బోర్డు పెట్టారు. కుక్కపిల్లలు ఎక్కవచ్చు. అందువల్ల ఆ ఇనప బీరువాను నలుగురు మనుషులు తాళ్ళు భుజాలకు వేసుకుని నాలుగో అంతస్తు నుంచి మెట్ల మీదుగా దించారు. రెండో అంతస్తు మలుపులో దాని అంచు గోడకు రాసుకుంది. ముందున్న పెద్దాయన వేళ్ళు గోడకూ బీరువాకూ మధ్య ఉన్నాయి. రక్తం వచ్చింది. పరుగెత్తుకొచ్చిన సూపర్‌వైజరు చూసింది బీరువాను.

“కొత్త గీత! కూలీలో కోస్తా” అన్నాడు.

ఏ గీతయ్యా అది? పొద్దున మంచినీళ్ళు తాగుతూ నువ్వు రాసుకున్నదే కదా! నేను పరిహారం అడిగితే అది పాత గీత, కూలివాడి డబ్బు మింగాలంటే కొత్త గీతా? కంపెనీకి బాధ్యత లేదు. లిఫ్టు మూసిన సంఘానికి లేదు. అందరూ వదిలించుకున్న ఆ బాధ్యత, మా నాలుగో అంతస్తు బరువుతో పాటు, రోజు కూలీకి వచ్చిన ముసలాయన భుజం మీదే పడాలా? ఆయన వేళ్ళకు ఏ గడి ఉంది మీ జాబితాలో? సిగ్గు అనేది కూడా నిషిద్ధ వస్తువుల్లో చేర్చారా?

నలుగురికీ కూలీ పూర్తిగా ముట్టాకే సంతకం పెడతానని పెన్ను జేబులో పెట్టుకున్నాను. మళ్ళీ ఆఫీసుకు ఫోను వెళ్ళింది. ఇస్తారట. ఇచ్చినట్టు రాసివ్వమంటే మాత్రం, ఫారంలో అందుకు చోటు లేదట.