మికాయెలా టీఏ బిల్లు ఎవరు పాస్ చేస్తారు?

కార్మెన్ అనే ఒపేరాలో (ఒపేరా అంటే పాటలతో నడిచే నాటకం) హీరోయిన్ కార్మెన్‌కి అభిమానులు కరువై ఇబ్బంది పడుతున్న దాఖలాలు ఎక్కడా లేవు. ఒపేరా అంటే ఏంటో తెలియనివాళ్లకి కూడా ఆవిడ పాడే ఆ హబనేరా పాట ట్యూన్ తెలుసు, ఏదో యాడ్‌లోనో ఎవరిదో రింగ్‌టోన్‌లోనో వినే ఉంటారు. కాబట్టి ఆవిడ సంగతి వదిలేద్దాం, ఆవిడ బాగానే ఉంది, అంటే నాలుగో అంకంలో చచ్చిపోతుందనుకోండి, అయినా బాగానే ఉంది. ఇవాళ మనం చాలా గంభీరంగా, వీలైతే నిటారుగా కూర్చుని మాట్లాడుకోవాల్సింది అదే ఒపేరాలో ఉన్న ఇంకో అమ్మాయి గురించి. పేరు మికాయెలా. "అందులో ఇంకో అమ్మాయి ఉందా?" అని అడిగే పెద్దమనుషుల కోసమే ఈ వ్యాసం, మీరు లేకపోతే నాకు పనే లేదు.

కథ తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో. స్పెయిన్‌లో సెవిల్ ఊరు. డాన్ జోసే అని ఒక సిపాయి. సిగరెట్ల ఫ్యాక్టరీలో పనిచేసే కార్మెన్ వాడి మీదకి ఓ పువ్వు విసురుతుంది, దాంతో వాడి బుర్ర పనిచేయడం ఆగిపోతుంది, ఆవిడ కోసం జైలుకెళ్తాడు, ఉద్యోగం పోగొట్టుకుంటాడు, స్మగ్లర్లలో కలుస్తాడు, ఆవిడేమో ఎద్దులతో కుస్తీ పట్టే ఎస్కమియోని చూసుకుంటుంది, వీడు వెళ్లి పొడిచేస్తాడు. ఇంత రచ్చలో ఒక పదిహేడేళ్ల పిల్ల, నీలం పావడా, వెనక్కి వాలిన జడ, ఊరి నుంచి రెండుసార్లు వస్తుంది, చెప్పాల్సింది చెబుతుంది, వెళ్లిపోతుంది. ఎవర్నీ పొడవదు, పొడిపించుకోదు. అదే ఆవిడ చేసిన తప్పు.

అసలు ఈ పిల్ల ఎలా పుట్టిందో వింటే మన తెలుగువాళ్లకి మాత్రం అస్సలు ఆశ్చర్యం వేయదు. 1845లో మెరిమే రాసిన అసలు కథలో మికాయెలా లేదు. మా ఊళ్లో అమ్మాయిలు నీలం పావడాలు కట్టుకుని జడలు వేసుకుంటారు, అలా లేనివాళ్లు అందగత్తెలంటే నేను నమ్మేవాణ్ణే కాదు అని జోసే ఒకచోట అంటాడు, అంతే. ఆ ఒక్క వాక్యం లోంచి మనిషిని తయారుచేశారు. ఎందుకూ అంటే ప్యారిస్‌లో ఒపేరా-కొమీక్ అనే థియేటర్ ఫ్యామిలీ థియేటర్. ఫ్యామిలీ అంటే మామూలు ఫ్యామిలీ కాదు, అక్కడ రోజూ ఐదారు బాక్సులు పెళ్లిచూపులకి బుక్ అయ్యేవట! అబ్బాయి తరఫువాళ్లు, అమ్మాయి తరఫువాళ్లు నాటకం చూస్తున్నట్టు నటిస్తూ ఒకళ్లనొకళ్లు చూసుకునేవాళ్లన్నమాట. లిబ్రెటో, అంటే ఒపేరాకి మాటలూ పాటలూ, రాసిన ఇద్దరిలో ఒకాయన అలేవీ ఈ సంగతి రాసిపెట్టాడు. ఆ థియేటర్ డైరెక్టర్లలో పెద్దాయన ద లూవెన్ కథ వినగానే హడలిపోయాడు, దొంగలా, జిప్సీలా, సిగరెట్లు చుట్టే ఆడవాళ్లా, పైగా చివర్లో హత్యా, పెళ్లిచూపుల థియేటర్లోనా అని. అప్పుడు అలేవీ ఏం చెప్పాడంటే కంగారు పడకండి సార్, ఇందులో చాలా అమాయకమైన, చాలా పద్ధతైన ఒక అమ్మాయిని కూడా పెట్టాం అని.

అర్థమైంది కదా. మికాయెలా అనేది ఒక పాత్ర కాదు, సెన్సార్ సర్టిఫికెట్. పాపం పెద్దాయన అయిష్టంగానే ఒప్పుకుని, వెళ్లేముందు కనీసం ఆ కార్మెన్‌ని చంపకుండా చూడండయ్యా అని బతిమాలుకున్నాడట, ఆ కోరిక ఎంతవరకు తీరిందో మీకు తెలుసు, తర్వాత ఆయన ఆ డైరెక్టర్ పదవే వదిలేసుకున్నాడు.

సరే, 1875 మార్చి 3న మొదటి ఆట. అలేవీ మర్నాడు రాసిన ఉత్తరంలో లెక్క ఉంది. మొదటి అంకంలో మికాయెలా, జోసేల డ్యూయెట్‌కి చప్పట్లు. అంకాలు గడిచే కొద్దీ జనం చల్లబడుతూ వచ్చారు. మూడో అంకంలో చప్పట్లు పడింది ఒక్క మికాయెలా పాటకే. నాలుగో అంకం, అంటే ఇప్పుడు ప్రపంచమంతా నోరెళ్లబెట్టి చూసే ఆ కార్మెన్ చావు సీన్, మొదటి నుంచి చివరిదాకా మంచుగడ్డలా సాగింది. అంటే మొదటి రోజు షోని చేతుల మీద మోసింది ఎవరయ్యా అంటే ఈ నీలం పావడా పిల్ల. ఆ తర్వాత మూడు నెలలకి, జూన్ 3న, దీనికి సంగీతం కట్టిన బిజే ముప్పయ్యారేళ్లకే పోయాడు, తన ఒపేరా ప్రపంచాన్ని దున్నేయడం చూడనేలేదు. దున్నేసింది, 1904 కల్లా అదే థియేటర్లో వెయ్యో ఆట పడింది. ఆ వెయ్యి ఆటల్లోనూ మికాయెలా డ్యూటీకి వచ్చింది. ఎవరైనా థాంక్స్ చెప్పారా?

ఇప్పుడు డ్యూటీ వివరాలు. జోసే ఉద్యోగం కోసం సెవిల్ వస్తే వాళ్లమ్మ కూడా వెనకే వచ్చి పది లీగుల దూరంలో ఉన్న ఊళ్లో ఉంటుంది, అనాథైన మికాయెలాని కూతురిలా పెంచుకుంది. పది లీగులంటే నలభై కిలోమీటర్ల పైమాటే, ఒకవైపు. బస్సు లేదు, ఆర్డినరీ కూడా లేదు. ఈ పిల్ల వచ్చేసరికి గార్డు దగ్గర సిపాయిలందరూ పనీపాటా లేకుండా దారినపోయేవాళ్లని చూస్తూ కూర్చుని ఉంటారు, వాళ్ల పాటే అది, వచ్చేపోయే జనాన్ని చూడటమే మా పని అని. (ఇలాంటి బ్యాచ్ ప్రతి ఊళ్లో బస్టాండ్ దగ్గర ఉంటుంది, సంగీతం ఒక్కటే తక్కువ.) మొరాలెస్ అనేవాడు రా అమ్మాయీ లోపలికొచ్చి కూర్చో, జోసే వచ్చేదాకా మేమున్నాంగా అంటాడు. అందరూ చుట్టూ చేరతారు. ఆవిడ అరవదు, ఏడవదు, వాళ్ల ట్యూన్‌నే తీసుకుని వాళ్లకే తిప్పికొడుతుంది, డ్యూటీ మారేటప్పుడు వస్తాలెండి అని నవ్వుతూ చెప్పి తుర్రుమంటుంది. పిట్ట ఎగిరిపోయింది అనుకుని వాళ్లు మళ్లీ దారిన పోయేవాళ్లని చూడటం మొదలుపెడతారు. ఈ సీన్ చూసి కూడా ఆవిడని చప్పిడి క్యారెక్టర్ అనేవాళ్లున్నారు. పాతిక మంది సిపాయిల మధ్య నుంచి ఒక్క మాట తూలకుండా బయటపడటం చప్పిడి అయితే మరి కారం ఎక్కడుందో నాకు తెలీదు.

తర్వాత డెలివరీ. అమ్మ పంపినవి మూడు. ఒక ఉత్తరం, జీతానికి తోడుగా ఉంటాయని కాసిని డబ్బులు, ఒక ముద్దు. ఉత్తరం, డబ్బులు ఎవరైనా తెస్తారు, మూడో ఐటమ్ ఉంది చూడండి, అది కూడా సిగ్గుపడుతూనే నిజాయితీగా అప్పగిస్తుంది, మీ అమ్మగారు ఇమ్మన్నారు అని. అప్పుడు వాళ్లిద్దరికీ డ్యూయెట్ వస్తుంది. లోకంలో ప్రేమజంటల డ్యూయెట్లు చాలా ఉన్నాయి, ఇందులో స్పెషల్ ఏంటంటే టాపిక్ మొత్తం హీరోగారి అమ్మ. మా అమ్మ ఎలా ఉంది, మా ఊరు ఎలా ఉంది, ఇదే. మన సినిమాల్లో సెకండ్ హీరోయిన్‌కి అయినా కనీసం స్విట్జర్లాండ్‌లో ఓ పాట పడేది. అయినా ఆ మ్యూజిక్ విన్నారా, అంత మెత్తగా రాయడానికి బిజేకి ఏం అవసరం వచ్చింది, సర్టిఫికెట్ కోసం పెట్టిన పాత్రకి అంత పని ఎవరైనా చేస్తారా!

ఆ ఉత్తరంలో ఏముందంటే ఈ పిల్లనే పెళ్లి చేసుకోరా అని. ఆ సంగతి పసిగట్టి మికాయెలా, వాడు చదివే టైంలో పక్కన నిలబడటం బాగోదని నెమ్మదిగా తప్పుకుంటుంది. ఆ సంస్కారమే కొంప ముంచింది. జోసే చదివి, సరేనమ్మా నీ మాటే వింటా, మికాయెలానే చేసుకుంటా అని డిసైడ్ అయిపోయి, ఆ పువ్వు విసిరినదాన్ని తిట్టడం కూడా మొదలుపెడతాడు, సరిగ్గా ఆ సెకనులో ఫ్యాక్టరీలో కేకలు. ఆడవాళ్లు కొట్టుకున్నారు. ఇంకో రెండు నిమిషాలు వాళ్లు ఓపిక పట్టుంటే మొదటి అంకంలోనే పెళ్లి, భోజనాలు, అందరూ ఇంటికి, పైన బాక్సుల్లో పెళ్లిచూపులకి వచ్చినవాళ్లకి కూడా ఒక మంచి శకునం. ఇండస్ట్రియల్ రిలేషన్స్ సరిగ్గా లేకపోతే ఎన్ని జీవితాలు పాడవుతాయో చూడండి.

రెండో ట్రిప్పు మూడో అంకంలో, అదీ రాత్రి, అదీ కొండల్లో, అదీ స్మగ్లర్ల డెన్‌కి. గైడ్‌ని పెట్టుకుని వస్తుంది. గైడ్ డబ్బులు ఏ పద్దు కింద రాయాలో ఎవరికీ పట్టలేదు. వాడు వెళ్లిపోయాక ఒక్కతే నిలబడుతుంది, ఆర్కెస్ట్రాలో హార్న్ బూరలు మొదలవుతాయి, నిదానంగా, కొండల్లోంచే వస్తున్నట్టు. అప్పుడు పాడే మాట ఏంటంటే, నాకేం భయం లేదని పైకి చెప్తున్నా, లోపల మాత్రం భయంతో చచ్చిపోతున్నా అని. ఆ ఆడమనిషిని దగ్గర్నుంచి చూస్తా, ఒకప్పుడు నేను ప్రేమించినవాణ్ణి ఇంత నీచుడిగా మార్చింది కదా, ప్రమాదకరమైంది, అందమైంది, అయినా భయపడను, ఆమె ముందు గట్టిగానే మాట్లాడతా అంటుంది. గమనించాలి, ఒకప్పుడు. వాడి మీద ఆశతో వచ్చిన మనిషి కాదు, వచ్చింది పని మీద.

ఇక్కడ కార్మెన్ అభిమానులు లేచి, మా ఆవిడకి అసలు భయమే తెలీదు, పేకముక్కలతో జోస్యం చూసుకుంటే చావు వచ్చినా లెక్కచేయలేదు అంటారు. కరెక్టే, భయం లేనావిడ ధైర్యంగా ఉండటం అంటే ఆకలి లేనివాడు ఉపవాసం ఉన్నట్టు, పుణ్యం వస్తుందేమో గాని మనం చప్పట్లు కొట్టక్కర్లేదు. కాళ్లు వణుకుతుంటే కొండెక్కింది ఈ పిల్ల. పాట అయిపోగానే తుపాకీ పేలుతుంది, జోసేనే ఎవరినో చూసి కాలుస్తాడు, ఆవిడ దాక్కుంటుంది. సరే దాక్కుంటుంది, మీరైతే నిలబడి సెల్ఫీ తీసుకునేవారా?

ఫలితం కూడా చూద్దాం. జోసేని కదిలించాలని ఆ ఒపేరాలో ఎంతమంది ట్రై చేశారు? వాడి ఆఫీసరు కత్తి దూశాడు, కదల్లేదు. ఎస్కమియో కత్తితో తలపడ్డాడు, కదల్లేదు. స్వయంగా కార్మెన్ నువ్వు పోతేనే మంచిది అంది, ప్రాణం పోయినా పోను అన్నాడు. అప్పుడు మికాయెలా ఒక్క మాట చెబుతుంది, మీ అమ్మ చావుబతుకుల్లో ఉంది, నిన్ను క్షమించకుండా చచ్చిపోవాలని లేదు ఆవిడకి అని. కదిలాడు. మొత్తం నాలుగు అంకాల్లో చెప్పిన పని చెప్పినట్టు పూర్తిచేసిన ఏకైక వ్యక్తి. ఏ ఆఫీసులోనైనా ఇలాంటివాళ్లకే ఇంక్రిమెంట్ రాదు, పక్క సీట్లో గొడవ చేసేవాళ్లకి వస్తుంది.

చరిత్ర ఆవిడకి చేసిన మర్యాదలు కొన్ని. బిజే పోయాక తయారైన ఆర్కెస్ట్రా సూట్లలో రెండోదాంట్లో ఆవిడ పాటని నాక్టర్న్ (రాత్రి సంగీతం) అని పేరు మార్చి పెట్టారు, గొంతు ప్లేసులో వయొలిన్. పాట కావాలి, మనిషి అక్కర్లేదు. వయొలిన్ విద్వాంసుడు సరసాతే రాసిన కార్మెన్ ఫాంటసీలో అదీ లేదు, అంతా కార్మెన్ సరుకే. 1967లో మాస్కోలో నర్తకి ప్లిసెత్‌స్కయా కోసం చేసిన బ్యాలేలో అయితే మికాయెలా పాత్రే తీసేశారు, ఆ ఖాళీలో విధి అనే పాత్రని పెట్టుకున్నారు. అమ్మాయిని తీసేస్తే మిగిలేది విధే మరి. పాడినవాళ్లు మాత్రం తక్కువవాళ్లేం కాదు, 1963లో కండక్టర్ కరయన్ రికార్డింగ్‌లో మిరెల్లా ఫ్రేనీ, 1975లో ఇంకో కండక్టర్ సోల్టీ దగ్గర కిరీ టె కనావా. వింటే తెలుస్తుంది, ఫ్రేనీ ఆ భయాన్ని దాచదు, దాన్ని పట్టుకునే పై స్వరానికి ఎక్కుతుంది.

అయినా మికాయెలా పెద్ద పెద్ద వార్తల్లోకి ఎక్కిన సందర్భం ఏంటో తెలుసా? విగ్గు. 1997లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరా వాళ్ల జపాన్ టూర్‌లో మికాయెలా వేస్తున్న ఆంజెలా గియోర్గియు నేను ఆ బంగారు రంగు విగ్గు పెట్టుకోను అంది, మెట్ పెద్దాయన వోల్పీ ఆ విగ్గు స్టేజి ఎక్కుతుంది, నీతో అయినా సరే నువ్వు లేకుండా అయినా సరే అన్నాడు. ఆ రాత్రి వేరే ఆవిడ పాడింది. ఇన్నేళ్ల చరిత్రలో ఈ పాత్ర గురించి ఒక బాస్ ఇంత గట్టిగా నిలబడిందీ అంటే అదీ జుట్టు కోసం.

ఒక్కరు మాత్రం తెలివైనవాళ్లు. మొట్టమొదటి మికాయెలా, మార్గరీత్ షాపుయి, ఆర్మీ ఆఫీసర్‌నే పెళ్లి చేసుకుని స్టేజికి దణ్ణం పెట్టేసింది. ఆయన ఆ తర్వాత ఫ్రాన్స్‌కి యుద్ధ మంత్రి కూడా అయ్యాడు. జోసే లాంటివాడు కాదన్నమాట.

నాలుగో అంకంలో మికాయెలా లేదు. అమ్మ ఏమైంది, దారిలో ఏం మాట్లాడుకున్నారు, వాడు మళ్లీ కత్తి పట్టుకుని సెవిల్ బయల్దేరుతుంటే ఈ పిల్ల ఏం చేసింది, లిబ్రెటో చెప్పదు. గాయని మాత్రం మేకప్ తీయకుండా, డ్రెస్ మార్చకుండా, లోపల కూర్చుని కార్మెన్ చచ్చేదాకా వెయిట్ చేయాలి, ఎందుకంటే చివర్లో అందరితో వచ్చి దణ్ణం పెట్టాలి కదా. వస్తుంది, నీలం పావడాతో. అప్పుడు చాలా థియేటర్లలో ఒక వింత జరుగుతుంది, జనం ఉన్నట్టుండి గట్టిగా కొడతారు, కొన్నిసార్లు కార్మెన్ కంటే గట్టిగా. మర్నాడు పేపర్లో రివ్యూ వస్తుంది, కార్మెన్ కళ్ల గురించి ఓ పేరా, నడక గురించి ఓ పేరా, ఎస్కమియో ప్యాంటు గురించి కూడా ఓ పేరా, ఆఖర్న "మికాయెలాగా చేసిన గాయని కూడా పర్వాలేదు" అని అర వాక్యం.