ఉగాదికి పిల్లల చేత పియానో రచన చేయిద్దాం

అమెరికాలోని మన తెలుగు సంఘాల వేదికల మీద పియానో అంటే దాదాపు ఎప్పుడూ సినిమా పాటే. పిల్లలు వారం వారం క్లాసుకు వెళ్తారు, గ్రేడ్ పరీక్షలకు టెన్షన్ పడతారు, రిసైటల్‌లో బాహ్‌నో షోపాన్‌నో చక్కగా వాయిస్తారు. అంత కష్టపడి నేర్చుకున్న పిల్లల చేత సొంతంగా ఒక చిన్న రచన చేయించాలని మాత్రం మనకు తోచదు. ఈ ఉగాదికైనా తోచాలని నా కోరిక. అందుకు కావలసింది పెరట్లోనూ ఉంది, పద్యంలోనూ ఉంది.

అమెరికన్ స్వరకర్త ఎమీ బీచ్ 1921లో న్యూ హాంప్‌షైర్‌లోని పీటర్‌బరోలో, కళాకారులు బస చేసి పని చేసుకునే మాక్‌డోవెల్ కాలనీలో ఉంటూ హెర్మిట్ థ్రష్ అనే పిట్ట కూతలు విని స్వరాల్లో రాసుకున్నారు. వాటితో రెండు పియానో రచనలు చేశారు, ఒకటి సాయంత్రానికి, ఒకటి ఉదయానికి. రెండింటి మొదట్లోనూ కవితా పంక్తులు పెట్టారు. కూతల శ్రుతి మార్చలేదని, ఒక స్థాయి (ఆక్టేవ్) మాత్రం కిందికి దించానని ఆ ప్రతిలోనే చెప్పారు. తను చెవులారా విన్నదే రాశారు, నాకు నచ్చేది అదే. మనమేమో న్యూజెర్సీలో పుట్టిన పిల్ల చేత ఆమె ఎన్నడూ వినని కోయిల గురించి పాడిస్తాం. ఆ పిల్ల కిటికీ బయట పొద్దున్నే కూసే కార్డినల్ పిట్ట ఉంది కదా! దాని కూతలో స్వరం జారుతుంది, పియానో కీ అలా జారదు. పక్కపక్క కీలను గబగబా వాయించాలా, రెండూ ఒకేసారి నొక్కాలా? అది తేల్చుకోవడంతోనే రచన మొదలవుతుంది.

పద్యమంటే పిల్లలకు భావం చెప్పి ఊరుకుంటున్నాం. సంగీతానికి అంతకన్నా ముందు పనికొచ్చేది నడక. ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు’ అన్న వేమన పాదాన్ని మాత్రల లెక్కన, అంటే అక్షరాలు పలికే కాలం లెక్కన, తట్టి చూడండి. మూడు, మూడు, మూడు, ఆపైన ఐదు, ఐదు. మూడు సూర్యగణాలు చకచకా నడిచాక రెండు ఇంద్రగణాలు సాగుతాయి. తర్వాతి పాదంలో ఐదూ సూర్యగణాలే, అంటే ఐదు మూడ్లు. ఎడమ చేతికి ఇంత అందమైన లయ మన ఇంట్లోనే ఉండగా, మూడు కార్డ్‌లు (కలిపి నొక్కే స్వరాల గుంపులు) పట్టుకుని ప్రతి పాటకూ ఒకేలా కొట్టడం ఎందుకు? కుడి చేతికి రాగం పిల్లల ఇష్టం. గమకాలన్నీ పియానో మీద పలకవు, పలికించాలని పట్టుబట్టనక్కర్లేదు.

రచనకు పెట్టే పేరు సంగతి కూడా చెప్పాలి. ఫ్రెంచ్ స్వరకర్త దెబ్యుసీ ప్రెల్యూడ్లనే తన 24 చిన్న పియానో రచనల్లో ఒక్కోదాని పేరును ఆ రచన అయిపోయాక, చివర వేయించారు. వాటిలో ఒకదానికి ఫ్రెంచ్ కవి బోద్‌లేర్ కవితలోని పంక్తే పేరు. ముందే ‘వాన’ అని ప్రకటిస్తే అందరం వానకోసమే వెతుక్కుంటాం, సంగీతం వినం.

అందుకే ఉగాది పోటీల్లో ఒక కొత్త విభాగం పెట్టమని మన కార్యవర్గాన్ని అడుగుతున్నాను. రచన రెండు నిమిషాలు చాలు. ఆధారం ఒక తెలుగు పద్యమో, పిల్లలు స్వయంగా విన్న పిట్టో వానో గాలో కావాలి. స్వరాలు కాగితం మీద పెట్టడానికి టీచర్ సాయం చేయవచ్చు, అమ్మానాన్నలు దిద్దకూడదు. వాయించడం అయ్యాకే పేరు ప్రకటించాలి. మొదటి ఏడాది బహుమతులు వద్దు, వచ్చిన ప్రతి రచననూ వేదిక మీద వినిపిద్దాం.