మంచుబిందు వ్రతకల్పం

రెంటచింతల ఎండల సంగతి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. అక్కడ మే నెలలో పగలు 11 గంటలకు కాకి కూడా గూడు దిగదు. సరిగ్గా ఆ వేళకే, అలాంటి ఊళ్ళ నుంచే మన ఫోన్లలోకి ఫోటోలు దిగుతుంటాయి: ఎర్ర గులాబీ, రేకురేకుకీ ముత్యాల్లాంటి మంచుబొట్లు, కింద "ఈ ఉదయం మా పెరట్లో ప్రకృతి మాత కానుక" అని ఒక వాక్యం. ఊటీకి బయల్దేరిన ప్రకృతి మాత దారి తప్పి పల్నాటిలో దిగిందేమో పాపం!

ఆ బొట్ల వెనక ఒక వ్రతం ఉంది. తెలియనివాళ్ళ కోసం విధానం చెబుతాను, అక్షింతలు పట్టుకుని శ్రద్ధగా వినండి.

పూజాద్రవ్యాలు: మందుల షాపు గ్లిజరిన్ ఒక పాలు, మంచినీళ్ళు ఒక పాలు, సన్నసూది సిరంజి ఒకటి, స్ప్రే సీసా ఒకటి, పిల్లల ప్రాజెక్టులో మిగిలిన నల్ల చార్టు, టీవీ పెట్టెలోంచి దాచుకున్న థర్మోకోల్ అట్ట, బజారులో కొన్న జెర్బెరా పువ్వు. ఒట్టి నీళ్ళు వాడరాదు. అవి ఎండకు నిమిషాల్లో ఆరిపోతాయి, కర్తకు ఫోకస్ కుదిరేలోపు జారిపోతాయి. గ్లిజరిన్ చిక్కగా పట్టుకుని కూర్చుంటుంది. తామరాకు, చేమాకు ఈ వ్రతానికి నిషిద్ధం. తామరాకు మీద నీటిబొట్టని పెద్దలు ఊరికే అనలేదు, నిలవదు. గులాబీ రేకు మాత్రం తలకిందులు చేసినా బొట్టును వదలదు. అందుకే ఈ కొలువులో గులాబీకి పట్టపురాణి హోదా.

ఇంటి యజమాని "మమ ఉపాత్త సమస్త లైక్ సిద్ధ్యర్థం" అని సంకల్పం చెప్పి, చిన్నవాటిని దగ్గర్నుంచి పెద్దగా తీసే 100 ఎంఎం మాక్రో లెన్సు బిగిస్తాడు. ధర్మపత్ని థర్మోకోల్ పట్టి పువ్వు మీదికి వెలుగు మళ్ళిస్తుంది. పెద్దవాడు వెనక నల్ల చార్టు. చిన్నవాడు బొట్టు వెనక జానెడు దూరంలో జెర్బెరా. ఎందుకంటే బొట్టంటే చిన్న కుంభాకార కటకం, వెనకున్న పువ్వు అందులో బుల్లిగా, తలకిందులుగా కనిపిస్తుంది. జెర్బెరా ఎటు తిప్పినా ఒకేలా ఉంటుంది కాబట్టి తలకిందులైన సంగతి ఎవరూ పట్టుకోలేరు. శాస్త్రం ఎంత ముందుచూపుతో రాశారో చూడండి!

తర్వాత మౌనవ్రతం. బొట్టు అసలు సైజులోనే సెన్సార్ మీద పడేంత దగ్గరకు వెళ్ళాక, లెన్సు కన్నాన్ని ఎఫ్/11కి కుదించినా స్పష్టంగా ఉండే లోతు ఒకటిన్నర మిల్లీమీటరుకు లోపే. ఎవరు ఊపిరి వదిలినా పువ్వు ఆ హద్దు దాటిపోతుంది.

"ఫ్యాను ఆపండి!"

"ఉప్మా అడుగంటుతోందండీ."

"అంటనీ! ఇక్కడ బొట్టు జారుతోంది!"

చిన్నవాడికి తుమ్ము. నలభై మూడు ఫోటోలు బూడిదలో పోసిన పన్నీరు. మళ్ళీ సిరంజి, మళ్ళీ సంకల్పం. లోపల్నుంచి అత్తగారు "పొద్దుణ్ణుంచీ ఆ పువ్వుకి ఇంజెక్షన్లేమిట్రా, జ్వరమొచ్చిందా?" అంటే, అది వ్రతభంగం కిందికి రాదు. నలభై నాలుగోది తగులుతుంది. మాడిన ఉప్మాయే నైవేద్యం. ఫలశ్రుతి: 212 లైకులు, "వావ్ నేచర్" పదిహేడు సార్లు.

భక్తులు నొచ్చుకోకపోతే ఒక్క మాట. మంచు పడటానికీ ఒక పద్ధతి ఉంది. మబ్బు లేని, గాలి లేని రాత్రి ఆకు తన వేడిని ఆకాశంలోకి వదిలేసి, చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది. అప్పుడు గాలిలోని తేమ దాని మీద పేరుకుంటుంది. అంటే ఆకుకు ఆకాశం కనబడాలి. పైన స్లాబున్న బాల్కనీ కుండీలో, ఒక్క గులాబీ మీదే కందిగింజలంత బొట్లు కనిపిస్తే అనుమానించండి. అసలు మంచు సన్నటి పొడిలా పడుతుంది. గడ్డి, సాలెగూడు, స్కూటర్ సీటు, దేన్నీ వదలదు. గడ్డిపోచ చివర ముత్యంలా ఒక్కటే బొట్టుంటే అది చాలాసార్లు మంచు కూడా కాదు, వేరు తోసిన నీరు రాత్రి ఆకు అంచునుంచి బయటికొచ్చింది. ఇవన్నీ ఎండెక్కితే మాయం. కావాలంటే 6 గంటలకు లేవాలి. లక్ష పెట్టి లెన్సు కొన్నవాడు అలారం మాత్రం పెట్టలేడు.

పైస్థాయి ఉపాసకులకు ఫ్రిజ్ ఉంది. తూనీగను పట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి లోపల పెడతారు. అది చల్లబడి కదలదు, బయటికి తీసి పువ్వు మీద కూర్చోబెడతారు. లెక్క తప్పితే ఇక ఎప్పటికీ కదలదు, అప్పుడు జిగురు. మార్గశిరంలో పొలం గట్టు మీద అదే తూనీగ, అదే చలికి, కళ్ళ మీద అసలు మంచుతో, ఎండ తగిలేదాకా తనంతట తనే కదలకుండా కూర్చుంటుంది. ట్రైపాడ్ పెట్టి, కెమెరాను రెక్కలకు సమాంతరంగా తిప్పుకుంటే రెక్కమొత్తం స్పష్టంగా వస్తుంది. అయినా పొలంలో ఫ్రిజ్ లేదుగా, ఎవరు పోతారు!

మనవాళ్ళను మాత్రమే అనడం న్యాయం కాదు. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వన్యప్రాణి ఫోటోల పోటీలో 2009లో పెద్ద బహుమతి గెలిచిన తోడేలు శిక్షణ పొందిన తోడేలై ఉంటుందని న్యాయనిర్ణేతలు తేల్చి 2010లో వెనక్కి తీసుకున్నారు. 2017లో మరో బహుమతి ఫోటోలోని చీమలుతినే జంతువు గడ్డి కూరిన బొమ్మేనని తేలి 2018లో అదీ పోయింది. ఈ రెండోవాడు కనీసం చచ్చినదాన్ని తెచ్చాడు.

ప్రయాణాల్లో భక్తి ఇంకా ముదురుతుంది. పులికాట్‌లో ఫ్లెమింగోలు తలొంచి మేస్తుంటే ఫోటో చప్పగా ఉంటుందట. ఎగిరితేనే రెక్కల గులాబీ రంగు కనబడుతుందని కేకలేస్తారు, పడవ మీదికి తోలిస్తారు. సరే, అవి ఎగిరి పోగలవు.

గూట్లో పిల్లలు ఎగరలేవు.

తేనెపిట్ట సాలెగూడు దారాలతో, బెరడు ముక్కలతో సంచీలాంటి గూడు వేలాడదీస్తుంది. గుమ్మం మీద చిన్న చూరు కూడా కడుతుంది. వానకీ ఎండకీ అడ్డం, కాకి కంటికి మరుగు. దాని ముందున్న ఆకుల్ని కత్తెరతో కత్తిరిస్తారు వీళ్ళు. దానికి ముద్దుగా "గార్డెనింగ్" అని పేరు! ఈకలు రాని పిల్లకు ఒళ్ళు వేడిని అదుపు చేసుకునే శక్తి ఉండదు, ఎండలో పెడితే ఉడికిపోతుంది. మనిషి అక్కడే కూర్చుంటే తల్లి మేత పట్టుకుని దూరంగా కొమ్మ మీద అరుస్తూ ఉంటుంది. ఆ అరుపు విని కాకి వస్తుంది. కొందరు గూట్లోంచి పిల్లల్ని తీసి కొమ్మ మీద వరసగా పేరుస్తారు. తోకలు ఇంకా గోరంత కూడా రాలేదు, వెనక ఒక్క ఆకు లేదు, మీద నడినెత్తి ఎండ, మూడు నోళ్ళు తెరుచుకుని. కింద "మాతృప్రేమ" అని పేరు. సిగ్గులేదా? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పక్షుల గుడ్లనూ గూళ్ళనూ చెదరగొట్టడాన్ని వేట అనే మాటలోనే కలిపింది. తుపాకీ పట్టుకున్నవాడితో సమానం మీరు. వాడు కనీసం శుభోదయం చెప్పడు.

గులాబీకి ఇంజెక్షన్ చేసుకోండి, ఉప్మా మాడ్చుకోండి, మీ ఇల్లు మీ ఇష్టం. గూటి దగ్గరికి కెమెరా బ్యాగులో కత్తెర ఎందుకొచ్చింది? ఆకు అడ్డొచ్చిందా, అడ్డొచ్చినట్టే తీయండి. ఫోటో రాలేదా, లెన్సు మూత పెట్టి ఇంటికి పోండి.