పిల్లల్ని కనమంటారు సరే, చూసేదెవరు?

ఎక్కువ మంది పిల్లల్ని కనండని చంద్రబాబు ఎప్పట్నుంచో చెప్తున్నారు, ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధన కూడా ఆంధ్రలో 2024లో ఎత్తేశారు. కంటారు సరే. ఉద్యోగం చేసే తల్లికి ఆ పిల్లని పగలంతా ఎవరు చూస్తారు?

ఒక్కసారి లెక్క వేయండి. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ ప్రకారం ప్రసూతి సెలవు 26 వారాలు, అదీ మొదటి ఇద్దరికే, మూడో బిడ్డకైతే 12 వారాలే. సెలవైపోయేసరికి బిడ్డకి ఆర్నెల్లు. అంగన్‌వాడీలో ఆటపాటలకి చేర్చుకునేది మూడేళ్లు నిండాకే, అంతకు ముందు తెలంగాణలో అయితే బాలామృతం అనే పోషకాహారం ప్యాకెట్ చేతిలో పెట్టి ఇంటికి పంపిస్తారు. మధ్యలో రెండున్నరేళ్లు మిగిలాయి, పిల్లని క్షణం వదలడానికి లేని రెండున్నరేళ్లు. 50 మంది ఉద్యోగులుంటే క్రెష్, అంటే పసిపిల్లల్ని పగలు చూసుకునే చోటు, ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూసుకోవచ్చని అదే చట్టంలో ఉంది. బట్టల షాపులో పొద్దస్తమానం నిలబడే అమ్మాయిని అడగండి, ఆ మాట ఎప్పుడైనా విన్నదేమో.

ఈ ఖాళీని నింపుతున్నది అమ్మమ్మలు, నానమ్మలు. మోకాళ్ల నొప్పులతో చంటిపిల్లని ఎత్తుకుని తిరిగేది వాళ్లే, జీతం లేదు, సెలవు లేదు. అమెరికాలో కూతురుంటే విజిటర్ వీసా మీద ఆర్నెల్లు ఈవిడ, ఆమె తిరిగొచ్చాక ఆర్నెల్లు వియ్యపురాలు.

పసిపిల్లలు ఇంట్లోవాళ్ల దగ్గర పెరిగితేనే మంచిదంటారు. నిజమే కావచ్చు, కానీ ఇంట్లో ఎవరున్నారని? ప్రభుత్వోద్యోగుల రిటైర్మెంట్ వయసు ఆంధ్రలో 62, తెలంగాణలో 61 చేశారు, అంటే టీచరమ్మ అయిన అమ్మమ్మ ఇంకా బడిలోనే ఉంది. ఇవాళ ముప్పైల్లో ఉద్యోగం చేస్తున్నవాళ్లు రేపు అమ్మమ్మలయ్యే నాటికి వాళ్లూ డ్యూటీలోనే ఉంటారు. ఇక తాతయ్యల సంగతి అంటారా, వాళ్లని ఈ లెక్కలో ఎవరూ ఎప్పుడూ కలపలేదు, అదో పెద్ద కథ.

నా దృష్టిలో అసలు రోగం ఇదే. ఆడవాళ్లు ఇంట్లో చేసే పనికి ఖర్చు లేదనుకుని మన ప్రభుత్వాలు బడ్జెట్లు రాస్తాయి. రోడ్డుకి డబ్బుంటుంది, పిల్లల్ని చూసే ఆయమ్మకి ఉండదు. అంగన్‌వాడీనే క్రెష్‌గా నడిపే పాల్నా పథకం కేంద్రం దగ్గర ఉంది, మన ఊళ్లలో ఎంతమందికి తెలుసు?

ఆంధ్రలో రోజు పనిని తొమ్మిది నుంచి పది గంటలకి పెంచాలని 2025లో నిర్ణయించారు. ఆ పది గంటలూ పిల్ల ఎక్కడుండాలో కూడా అందులోనే రాయాల్సింది.