లిపాట్టిని జాలితో వినకండి

డీనూ లిపాట్టి పేరెత్తితే చాలు, ఎవరో ఒకరు "పాపం" అంటారు. రుమేనియా పియానిస్టు, 33 ఏళ్లకే పోయాడు, చావు దగ్గరపడ్డాక స్వరకర్త షోపాన్ రాసిన వాల్ట్జ్‌లు (మూడు లెక్కల నాట్య గతిలో నడిచే చిన్న పియానో రచనలు) రికార్డు చేశాడు, వింటే ఏడుపొస్తుంది. ఈ నాలుగు ముక్కలూ ముందు చెప్పి, తర్వాత లింకు పంపిస్తారు. చాలా ఏళ్ల కింద నాకూ అలాగే వచ్చింది. నేనూ అలాగే విన్నాను. కళ్లు తుడుచుకోవడంతోనే సరిపోయింది, పియానో చెవినపడలేదు.

ఇప్పుడు ఆ "పాపం" వింటే నాకు కోపం వస్తోంది. అందుకే ఇంత పొడుగు పోస్టు.

కథ అబద్ధమని అనడం లేదు. 1917లో బుకారెస్ట్‌లో పుట్టాడు. హాడ్కిన్స్ అనే కేన్సర్ ఏళ్ల తరబడి అతన్ని తినేసింది. 1950 వేసవిలో, అప్పుడే కొత్తగా వాడుకలోకి వస్తున్న కార్టిసోన్ అనే మందు ఇస్తే కొన్ని వారాలు ఒంట్లోకి సత్తువ వచ్చింది. ఆ సందు దొరకగానే రికార్డింగ్ నిర్మాత వాల్టర్ లెగ్ సరంజామాతో జెనీవాలో దిగాడు. జూలైలో అక్కడి రేడియో స్టూడియోలో బాఖ్, మొజార్ట్ రచనలు, వాటితోపాటు షోపాన్ వాల్ట్జ్‌లు 14 రికార్డయ్యాయి. డిసెంబర్ 2న లిపాట్టి చనిపోయాడు. మనిషి మీద జాలి కలగకపోతే ఎలా?

కానీ ఆ రికార్డులో రోగం ఎక్కడుందో చూపించండి. నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, నాకైతే కనిపించలేదు.

ఎ మైనర్ అనే స్వరశ్రేణిలో ఉన్న వాల్ట్జ్ తీసుకోండి. లిపాట్టి అచ్చులో ఉన్న వరస పక్కనపెట్టి తన వరసలో వాయించాడు కాబట్టి ఇది తొమ్మిదోది. మొదట్లో పాటంతా ఎడమ చేతిదే, కింది స్వరాల్లో, చెల్లో అనే పెద్ద వయొలిన్ లాంటి వాద్యంలా నడుస్తుంది. కుడి చేయి పైన చిన్నగా రెండో లెక్క, మూడో లెక్క మాత్రం వేస్తుంటుంది. దీన్ని విషాదంగా వాయించడం చాలా తేలిక. ప్రతి వాక్యం చివరా ఆగి ఓ నిట్టూర్పు విడిస్తే చాలు, వినేవాళ్ల గుండె కరిగిపోతుంది. లిపాట్టి ఆ పని చెయ్యడు. పాట కొంచెం వెనక్కి లాగినట్టు ఉంటుంది, కానీ కాలప్రమాణం చెదరదు, మళ్లీ ఒకటో లెక్క దగ్గరికి ఇంటికొచ్చినట్టు వస్తాడు. షోపాన్ తన శిష్యులకు చెప్పేది ఇదే: ఎడమ చేయి తాళం పట్టుకోవాలి, స్వేచ్ఛ కుడి చేతికి. ఇక్కడ పాట ఎడమ చేతిలోనే ఉంది కదా, అంటే ఒకే చేయి పాడాలి, తాళమూ వెయ్యాలి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆ మొదటి నిమిషం వినండి. ఒక్క స్వరం కూడా "నన్ను చూడండి" అనదు.

సి షార్ప్ మైనర్ వాల్ట్జ్‌లో గిరగిరా కిందికి దిగే ఒక భాగం మూడుసార్లు వస్తుంది. మూడుసార్లూ అచ్చులో దాదాపు అవే స్వరాలు. లిపాట్టి చేతిలో అది ఏ ఒక్కసారీ అరిగిపోయినట్టు అనిపించదు. వేగం ఉంది, తొందర లేదు.

ఇది చావు నేర్పిన విద్య కాదు. ఏళ్ల తరబడి కూర్చుని చేసిన సాధన. చైకోవ్‌స్కీ కన్సర్టో (పియానో, ఆర్కెస్ట్రా కలిసి వాయించే రచన) రికార్డు చెయ్యమంటే మూడేళ్లు, బేథోవెన్ 'ఎంపరర్' కన్సర్టోకి నాలుగేళ్లు సమయం కావాలన్నాడని లెగ్ రాశాడు. ఒక్కో రచన మీద అలా కూర్చునే మనిషి అతను. 1933లో వియన్నా పోటీలో అతనికి రెండో బహుమతి ఇచ్చారని పేరున్న పియానిస్టు ఆల్ఫ్రెడ్ కోర్టో న్యాయనిర్ణేతల్లోంచి లేచి వచ్చేశాడు. అప్పటికి కుర్రాడికి ఆ కేన్సర్ లేదు, పదహారేళ్లు. కోర్టో విన్నది చేతులనే.

నాకు ఈ విషయం మా అక్క వల్ల అర్థమైంది. అక్కకి కీమో జరుగుతున్న రోజుల్లో, కాస్త ఓపిక చిక్కిన ఒక ఆదివారం, చూడ్డానికి వచ్చినవాళ్లకి గోంగూర పప్పు చేసింది. అందరూ తిన్నారు. "పాపం, ఈ ఒంట్లో కూడా ఎంత ఓపికమ్మా నీకు" అన్నారు. వాళ్లు వెళ్లాక అక్క నాతో, "ఒరే, ఉప్పు ఎక్కువైందని ఒక్కళ్లయినా అనలేదురా. నేనింక వంట చేసే మనిషిని కానా?" అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది, ఎందుకంటే ఉప్పు సంగతి నాకూ తెలుసు, నేనూ నోరెత్తలేదు. ఆ రాత్రే లిపాట్టి గుర్తొచ్చాడు. 14 వాల్ట్జ్‌లు వండి పెట్టిన మనిషికి మనం ఇన్నేళ్లుగా చెబుతున్నది ఆ "పాపం" ఒక్కటే.

జాలి చెవుల్ని ఎంత మూసేస్తుందో చెప్పడానికి ఇంకో సంగతి ఉంది. లిపాట్టి పోయాక ఆయన పేరు మీద షోపాన్ ఇ మైనర్ కన్సర్టో రికార్డు ఒకటి ఇఎంఐ అనే రికార్డు కంపెనీ నుంచి వచ్చింది. ఏళ్ల తరబడి అది లిపాట్టిదిగానే అమ్ముడైంది. 1981లో తేలింది, అది పోలండ్ పియానిస్టు హలీనా చెర్నీ-స్టెఫాన్‌స్కా వాయించినదని. ఆమె అనామకురాలు కాదు, 1949 వార్సా షోపాన్ పోటీలో మొదటి బహుమతి పంచుకున్న మనిషి. ఆమె వేళ్ల కష్టాన్ని లిపాట్టి పేరుతో మెచ్చుకున్నారు. ఇద్దరికీ అన్యాయమే.

ఇక ఫ్రాన్స్‌లోని బెజాన్సాన్‌లో అతని చివరి కచేరీ. 1950 సెప్టెంబర్ 16. డాక్టర్లు వద్దన్నా వెళ్లాడు. 14 వాల్ట్జ్‌లలో 13 వాయించాడు, చివరిదానికి శక్తి చాలలేదు, దాని బదులు బాఖ్ రచన ఒకటి వాయించి లేచాడు. ఎవరు చెప్పినా ఇక్కడే గొంతు బొంగురుపోతుంది. నాకు అర్థం కానిది ఒక్కటే. వాయించలేకపోయిన ఒక్క వాల్ట్జ్ గురించి ఇన్ని మాటలు, వాయించిన 13 గురించి మాటే లేదు. పైగా ఆ వదిలేసిన ఎ ఫ్లాట్ వాల్ట్జ్, జూలై రికార్డులో చివర నిక్షేపంగా ఉంది. పెళ్లింట్లో అప్పుడే దీపాలన్నీ వెలిగించినట్టుంటుంది. "ఆ 14వది" అని కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లు అక్కడిదాకా విన్నారా? ఇంకో మాట కూడా అనేస్తాను, కోపం వచ్చేవాళ్లకి రానివ్వండి. వాల్ట్జ్‌ల వరకూ నాకు బెజాన్సాన్ కంటే జూలై రికార్డే మేలు. వినాలంటే అదే వినండి, లిపాట్టి పెట్టిన వరసలోనే వినండి.

అక్క ఇప్పుడు బాగానే ఉంది. పోయిన నెల ఇంటికొచ్చినప్పుడు, ఎవరో, ఎప్పటిదో ఏమీ చెప్పకుండా ఈ రికార్డు పెట్టాను. అక్కకి పియానో సంగీతం అలవాటు లేదు. చిక్కుడుకాయలు ఒలుస్తూ వింటోంది. తొమ్మిదోది మొదలవగానే చేతులు ఆగాయి. అయిపోయాక, "ఆ కింద పాడిందేంట్రా, అది మళ్లీ పెట్టు" అంది.

పెట్టాను. పేరు ఇంకా అడగలేదు.